రిటైరైన పెద్దలు – మన ఇండ్లు



రిటైరైనవారి గురించి నాలుగు మాటలు చెప్పమని సొసైటీవారు మమ్ములను కోరినారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రాన 1960లో సన్ సిటీ అనే ఊరు వెలిసింది. అక్కడ ఇంటికి ఒక్కరైనా 55 ఏండ్లు నిండినవారుండాలె. 19 ఏండ్ల లోపు పిల్లలు కాపురముండరాదు. మనుమడైనా సరే, చుట్టంగా వచ్చి పోవలసిందే! ఇది వింటే మనకు నవ్వొస్తుంది. కాని మన మందమర్రి సంగతేమిటి?

సింగరేణిలో పనిచేసినన్నాళ్లు కంపెనీ క్వార్టరే మన ఇల్లు. రిటైర్మెంటు వయసు 2021లో 60 నుండి 61కి పెరిగింది. అంతే, ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చేయక తప్పదు. ముప్పై ఏండ్లు ఒకే లైనులో ఉండి, రంజానుకు షీర్ ఖుర్మా, దసరాకు జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు తలో దిక్కయిపోతారు. ఒకరు మంచిర్యాలకు, ఒకరు కరీంనగర్ పక్క సొంతూరికి. ఆ ఊర్లో పాలివాళ్లుంటారు గాని దోస్తులుండరు. కొడుకేమో హైదరాబాదులోనో గల్ఫులోనో. ముసలివాళ్లకని ఇక్కడ ఎవరూ వేరే ఊరు కట్టలేదు, ఇండ్లే అట్లా తయారవుతున్నవి.

గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు పైసలొచ్చిన నెల మాత్రం అందరూ వస్తారు. బిడ్డ పెండ్లికి, కొడుకు వీసాకు అవి కరిగిపోతవి. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం కింద వచ్చేది ధరలతో పాటు పెరగదాయె. పిదప వంతులు మొదలు: అబ్బా పెద్దోడి దగ్గర, అమ్మీ చిన్నోడి దగ్గర. జన్మంతా కలిసి బతికినవాళ్లను ముసలితనంలో విడదీసే ఈ పంపకమే మాకు అన్నిటికన్న ఘోరంగా తోస్తుంది. తల్లిదండ్రుల ముందు విసుగు మాటైనా అనవద్దని సూరా బనీ ఇస్రాయీల్ చెప్పింది మనకు కంఠతా వచ్చు. వంతులేసేటప్పుడు ఎవరికీ యాదికి రాదు!

ఇల్లు పిల్లల పేర రాసిచ్చే పెద్దలకు ఒక మాట. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. పోషణ కోసం ఆర్డీఓ ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చును. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకుంటే రద్దు చేయించవచ్చును. అందుకని ఆ షరతు కాగితంలోనే రాయించుకోండి. కొడుకు మీద నమ్మకం లేకనా అని కొందరు అడుగుతారు. నిఖా నాడు మెహర్ రాసుకుంటున్నాము గదా, అది నమ్మకం లేకనేనా?

ఉర్దూ పంతుళ్లము గనుక మరొకటి మా కండ్ల ముందరే చూస్తున్నాము. దాదా రాసిన చీటీ మనుమడికి చదవరాదు. మనుమడి ఇంగ్లీషు మెసేజి దాదాకు రాదు. ఒకే ఇంట్లో ఉన్నా మాట్లాడుకునేది అన్నం తిన్నావా అన్నంత మట్టుకే.

కనుక మేము అడిగేది ఇది. వారానికి రెండు దినాలు, అసర్ నమాజు తర్వాత ఒక గంట సొసైటీ గది తెరిచి ఉంచాలె. పెద్దలు పిల్లలకు ఉర్దూ ఖాయిదా చెప్తారు. పిల్లలు పెద్దలకు బ్యాంకు పాసుబుక్కు చదివిపెడతారు, ఏటేటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు పనిలో సాయపడతారు. చాపలు, బోర్డు మేము తెస్తాము. ఇష్టమున్నవారు భోజనాలకు లేచేలోగా కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి.