ఓదార్చేవాడిని ఓదార్చేదెవరు?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ఏటా ఈ వేదిక మీద మనం చేసిన పనుల లెక్క చెప్పుకుంటాం. ఎన్ని ఇళ్లకు రేషన్ అందింది, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, జకాత్ ఎంత వసూలైంది, ఎంత పంచాం అని చదువుతాం. ఈసారి లెక్కల పుస్తకంలోకి ఎక్కని ఒక బాకీ గురించి మాట్లాడమని పెద్దలు నాకు చెప్పారు. అదేమిటంటే, మనతో కలిసి దీన్ పని చేసే ఒక సాథీ ఇంట్లో మరణం సంభవిస్తే మనం ఆయనకు ఏం చేస్తున్నాం?

ఊళ్లో ఎవరు పోయినా మనవాళ్లు పరుగెత్తుతారు. కఫన్ గుడ్డ తెస్తారు, ఖబర్ తవ్విస్తారు, ఇంటివాళ్లకు సహనం బోధిస్తారు. మరి ఆ బోధించేవాడి ఇంట్లోనే జనాజా లేస్తే? ఆయనకు అన్నీ తెలుసు కదా, మనం చెప్పేదేముందిలే అనుకుంటాం. అక్కడే మనం తప్పు చేస్తున్నాం. ఆ తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

కోదాడ వైపు మన సాథీ ఒకరున్నారు. పేరు చెప్పను. ఆయన అనుమతి తీసుకునే ఈ సంగతి చెబుతున్నాను. ఇరవై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఏ మగమనిషి చనిపోయినా ఘుస్ల్ ఇచ్చింది ఎక్కువగా ఆయనే. అర్ధరాత్రి ఫోన్ చేసినా సైకిల్ మీద వచ్చేవారు. జుమా తర్వాత నలుగురిని కూర్చోబెట్టి మరణం గురించి, పరలోకం గురించి చెప్పేవారు. ఆయన మాట విని నమాజు మొదలుపెట్టిన కుర్రాళ్లు ఇక్కడే కొందరున్నారు.

ఆయన పెద్దకొడుకు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ హైదరాబాద్–విజయవాడ హైవే మీద బైకు ప్రమాదంలో పోయాడు. పోస్టుమార్టం అయి దేహం ఇంటికి వచ్చేసరికి అసర్ దాటింది. ఘుస్ల్ ఎవరిస్తారని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఆయనే చేతులు పైకి మడుచుకున్నారు. ఇతరుల పిల్లలకు నీళ్లు పోసిన చేతులతోనే తన బిడ్డకూ పోశారు. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ఏం సబర్, ఏం ఈమాన్ అని మేమంతా మెచ్చుకున్నాం.

మూడో రోజు నేను వెళ్లాను. భాయ్, మాకందరికీ సహనం నేర్పింది మీరే కదా, మీకు నేనేం చెప్పగలను అంటూనే అరగంట చెప్పాను. ఎనిమిదో రోజు ఫోన్ చేశాను. ఎందుకో తెలుసా? రంజాన్ కిట్ల లెక్కల పుస్తకం ఎక్కడుందని అడగడానికి! ఆయన నెమ్మదిగా ఎక్కడుందో చెప్పి ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత మా సమావేశాలకు రావడం మానేశారు. నమాజుకు వచ్చేవారు, సలాం ఫేరగానే వెళ్లిపోయేవారు. ఈమాన్ బలహీనపడిందేమోనని మాలో కొందరు గుసగుసలు కూడా ఆడారు. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

చాలా నెలల తర్వాత ఆయన నాతో అన్న మాట ఇది: “భాయ్, ఆ రోజు నేను ఏడవలేదు. ఏడిస్తే, ఇన్నాళ్లూ చెప్పిందంతా అబద్ధమని జనం అనుకుంటారని భయపడ్డాను.”

సోదరులారా, ఈ భయం ఆయనకు ఎవరు పెట్టారు? మనమే పెట్టాం. మన ప్రవక్త (స) పెట్టలేదు.

ప్రవక్త కన్నీళ్లు

మన ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసివాడిగా ఉండగానే, హిజ్రీ 10వ సంవత్సరంలో కన్నుమూశాడు. బిడ్డను ఒడిలోకి తీసుకున్నప్పుడు ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి, మీరు కూడానా అన్నట్టు అడిగారు. ఇది కారుణ్యం అని ఆయన బదులిచ్చారు. కళ్లు వర్షిస్తాయి, గుండె బాధపడుతుంది, నాలుక మాత్రం ప్రభువుకు ఇష్టంలేని మాట పలకదు అన్నదే ఆయన బోధ సారాంశం. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త బిడ్డ పోయినందుకే గ్రహణం అని జనం అనుకున్నారు. అంతటి దుఃఖంలోనూ ఆయన ఆ మాటను ఖండించారు. ఎవరి చావుపుట్టుకల కోసమూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని చెప్పి నమాజు చేయించారు. కంట నీరూ ఉంది, నోట సత్యమూ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఇముడుతాయని మనకు చూపించారు.

హజ్రత్ యాఖూబ్ (అ) బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిన సంగతి ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో ఉంది. ఆయన ప్రవక్త! తన బాధను అల్లాహ్‌కే విన్నవించుకున్నారు. అల్లాహ్ దాన్ని తప్పుగా ఎంచలేదు.

ధర్మప్రచారానికి వెళ్లిన సాథీల విషయంలోనూ మన ప్రవక్త (స) ఎంత బాధపడ్డారో చూడండి. హిజ్రీ 4లో బీర్ మఊనా దగ్గర, ఖుర్ఆన్ నేర్పడానికి పంపిన సుమారు 70 మంది సహచరులను ద్రోహంతో చంపేశారు. ఆయన అంతగా దుఃఖించడం మరెప్పుడూ చూడలేదని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. నెల రోజులు నమాజులో ఆ హంతకులకు వ్యతిరేకంగా దుఆ చేశారు. ఆ దుఃఖం కూడా నమాజులోనే, అల్లాహ్ ముందే బయటపడింది.

జాఫర్ ఇంటి పొయ్యి

ఇక ఓదార్చడం ఎలాగో చూద్దాం. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) మన తొలి దాయీలలో ఒకరు. అబిసీనియా రాజు నజాషీ దర్బారులో నిలబడి ఇస్లాం గురించి చెప్పింది ఆయనే. ఎన్నో ఏళ్లు పరాయి దేశంలో ఉండి హిజ్రీ 7లో మదీనాకు తిరిగొచ్చారు. మరుసటి ఏడాదే ముఅతా యుద్ధంలో అమరులయ్యారు. భార్య అస్మా బిన్త్ ఉమైస్ (రజి), చిన్న పిల్లలు మిగిలారు.

ఆ ఇంటికి మన ప్రవక్త (స) వెళ్లారు. పిల్లలను పిలిపించి దగ్గరకు తీసుకున్నారు. కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత తన ఇంటివారితో, జాఫర్ ఇంటివాళ్లకు వండి పంపండి, వాళ్లు తీరని పనిలో పడ్డారు అన్న అర్థంలో చెప్పారు. మూడు రోజులు గడిచాక మళ్లీ వెళ్లారు. మంగలిని పిలిపించి పిల్లలకు తల గొరిగించారు. వీడు ఫలానావాడి పోలిక, వాడు నా పోలిక అంటూ ముద్దుచేశారు. పిల్లలు అనాథలయ్యారని తల్లి వాపోతే, ఇహపరాల్లో వాళ్లకు సంరక్షకుణ్ణి నేనేనని ధైర్యం చెప్పారు.

ఇందులో ఉపన్యాసం ఎంత ఉంది? ఏడుపు, కూడు, క్షౌరం, ముద్దు, మాట ఇవ్వడం ఉన్నాయి. మంగలి దాకా ఆలోచించారు చూడండి! తండ్రి పోయిన ఇంట్లో పిల్లల జుట్టు పెరిగిందని చూసే తీరిక ఎవరికుంటుంది?

ఇప్పుడు మన దగ్గర జరిగేది చూద్దాం. చావు ఇంటివాళ్లే వచ్చినవాళ్లకు వండిపెడతారు. దేగులు ఎక్కుతాయి, బిర్యానీ ఉడుకుతుంది, కిరాణా కొట్లో ఖాతా పెరుగుతుంది. మూడో రోజు, పదో రోజు, నలభయ్యో రోజు అనే వాదన కోసం నేను ఇక్కడ నిలబడలేదు, దాన్ని ఉలమాలకు వదిలేద్దాం. ప్రవక్త (స) వండి పంపమన్నది ఏ ఇంటికి? మనం కూర్చుని తింటున్నది ఏ ఇంట్లో? ఇదొక్కటే అడుగుతున్నాను.

ఖర్జూరాల రాశి పక్కన

హజ్రత్ జాబిర్ (రజి) తండ్రి ఉహుద్ యుద్ధంలో అమరులయ్యారు. యువకుడైన జాబిర్ మీద చెల్లెళ్ల పోషణ, తండ్రి చేసిన అప్పులు పడ్డాయి. తోటలోని ఖర్జూరాలన్నీ ఇచ్చినా అప్పు తీరేలా లేదు, అప్పులవాళ్లు గడువు ఇవ్వలేదు. మన ప్రవక్త (స) స్వయంగా వచ్చి ఖర్జూరాల రాశి దగ్గర కూర్చున్నారు. దుఆ చేసి కొలిపించారు. అల్లాహ్ బరకత్‌తో అప్పంతా తీరి ఇంకా మిగిలాయి.

బరకత్ అల్లాహ్ చేతిలో ఉంది. రాశి పక్కన కూర్చోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. చనిపోయిన మనిషి అప్పు తీర్చాకే ఆస్తి పంపకం అని ఖుర్ఆన్ చెబుతోంది. రెండు దీనార్ల బాకీ ఉన్న వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి మన ప్రవక్త (స) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ నాది అన్నాకే చేయించారు. అంటే దుఃఖం ఉన్నచోట డబ్బు గురించి మాట్లాడటం అమర్యాద కాదు. మర్యాదగా, గోప్యంగా మాట్లాడాలి, అంతే.

శుక్రవారం బస్సు

మన కోదాడ సాథీ సంగతికి వస్తాను. మేమంతా మాట్లాడి అలసిపోయాక ఒక పెద్దమనిషి పని మొదలుపెట్టారు. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమస్తాగా చేసి మానేసిన ముసలాయన. పెద్దగా చదువుకోలేదు, మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు. ప్రతి శుక్రవారం పొద్దున్నే నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా బస్సులో కోదాడ వచ్చేవారు. సాథీతో కలిసి జుమాకు వెళ్లేవారు. తర్వాత ఇద్దరూ ఖబ్రస్తాన్‌కు వెళ్లి దుఆ చేసేవారు. ఇంటి అరుగు మీద కూర్చుని, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయేవారు.

ఏం మాట్లాడుకునేవాళ్లని నేను సాథీని అడిగాను. “మొదటి నాలుగు వారాలు ఏమీ మాట్లాడలేదు. అయిదో వారం, ‘బాబు పేరేంటి బేటా? వాడికి ఏం ఇష్టం?’ అని అడిగారు. నా కొడుకు పేరు అప్పటిదాకా ఎవరూ నా ముందు ఎత్తలేదు. ఆ రోజు ఏడ్చాను” అన్నారు.

ఆ ఇంటి పక్కనే ఒక హిందూ కుటుంబం ఉంది. ఆ ఇల్లాలు నెలపాటు పొద్దున్నే పాలు కాచి ఆ తల్లికి ఇచ్చి వెళ్లేది. మన ప్రవక్త (స)కు ఖదీజా (రజి), బాబాయి అబూ తాలిబ్ ఇద్దరూ దూరమైన దుఃఖ సంవత్సరం తర్వాత తాయిఫ్‌లో రాళ్లదెబ్బలు తగిలాయి. అప్పుడు ద్రాక్షపళ్లు తెచ్చి ఇచ్చింది అద్దాస్ అనే క్రైస్తవ బానిస. ఓదార్పు ఏ చేత్తో వచ్చినా అది అల్లాహ్ పంపిందే.

ఏడాది దాటాక సూర్యాపేటలో ఒకరి ఇంట్లో పిల్లవాడు చనిపోయాడు. మేం పిలవకుండానే మన సాథీ వచ్చారు. ఈసారి సహనం గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆ తండ్రి పక్కన నేలమీద కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. ఆ తండ్రి తర్వాత మాతో, ఆయన వచ్చి వెళ్లాకే నాకు నమాజులో నిలబడే శక్తి వచ్చిందన్నాడు.

మనం పెట్టుకోవలసిన నియమాలు

చివరగా మూడు ఊళ్ల కమిటీల ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాను.

ఒకటి. సాథీ ఇంట్లో మరణం జరిగితే కనీసం మూడు రోజులు ఆ ఇంటి పొయ్యి వెలగకుండా మన ఇళ్ల నుంచే భోజనం వెళ్లాలి. వచ్చినవాళ్లు అక్కడ తినకూడదు.

రెండు. ఆయన బాధ్యతలను అడగకుండానే ఇంకొకరు తీసుకోవాలి. ఎప్పుడు తిరిగి రావాలో ఆయనే చెబుతారు. అప్పటిదాకా ఆయన కుర్చీ ఆయనదే.

మూడు. కాగితాల పని తెలిసిన ఒకరిని కేటాయించాలి. మరణాన్ని 21 రోజుల్లోగా మున్సిపాలిటీలో గానీ, గ్రామ పంచాయతీలో గానీ నమోదు చేయించాలి. ప్రమాదమైతే ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు తెచ్చి నష్టపరిహారం కోసం ఆలస్యం లేకుండా వకీలును కలవాలి. భర్త పోయిన చెల్లెలైతే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఆమెను ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, వితంతు పింఛను దరఖాస్తు, బ్యాంకు పనుల్లో ఆమెకు తోడుగా మన సోదరీమణులు ఉండాలి.

నాలుగు. అప్పు ఉందా అని ఒక్కరే, ఏకాంతంలో అడగాలి. తీర్చినా నలుగురిలో ప్రకటించకూడదు.

అయిదు, అన్నిటికంటే ముఖ్యమైనది. నెల తర్వాత, ఆరు నెలల తర్వాత, మొదటి ఈద్ రోజున ఎవరు వెళ్తారో ముందే రాసుకోవాలి. ఈద్ నాడు కొత్త బట్టల్లేని ఆ ఇంటి గడప చాలా బరువుగా ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు పోయినవారి పేరు ఎత్తండి. ఆ పేరు విని ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి.

తొలి దెబ్బ తగిలినప్పుడు పట్టుకునేదే అసలైన సహనమని మన ప్రవక్త (స) బోధించారు. ఆ తొలి దెబ్బ వేళ మన సాథీ ఒంటరిగా ఉండకుండా చూడటం మన సహనానికి పరీక్ష.

మన మూడు ఊళ్లలో బిడ్డలను, జీవిత భాగస్వాములను, తల్లిదండ్రులను పోగొట్టుకుని కూడా ఈ పనిలో కొనసాగుతున్న ప్రతి సాథీకీ అల్లాహ్ మంచి ప్రతిఫలం ఇవ్వుగాక! పోయినవారిని మన్నించి వారి ఖబర్లను వెలుగుతో నింపుగాక! ఓదార్చడం తెలియక మేం చేసిన గాయాలను మా సాథీల మనసుల్లోంచి తుడిచివేయుగాక! ఆమీన్.

వస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహ్.