పోగు తెగిన మగ్గము



నేను చిరకాలము పాఠశాలలలో తెలుగు బోధించి విశ్రాంతి నొందినవాడను. ఇప్పుడు కుమారునితో గూడ హైదరాబాదునకు పడమటనున్న ఖాజాగూడలో నివసించుచున్నాను. చెరువును గుట్టలును గల ఆ పల్లె చుట్టును నేడు ఆకాశము నంటు సౌధములు లేచినవి. వానిలో వేలకొలది యువకులు కంప్యూటర్ల ముందు కూర్చుండి దూరదేశములవారికి పని చేసిపెట్టుచుందురు.

ఒకనాడు మావాడు తన కార్యాలయమును చూపెను. అచ్చట గోడపలకమీద మూడు గడులు గీచి, రంగురంగుల చీటీలు అంటించి యుండిరి. చేయవలసిన పని మొదటి గడిలోను, జరుగుచున్నది రెండవదానిలోను, ముగిసినది మూడవదానిలోను ఉండునట. నడిమిగడిలో మూడు చీటీలకు మించరాదట. ఇదేమని యడుగగా, దీనిని కాన్‌బాన్ అందురనియు, అది జపాను మాటయనియు, కార్ల కర్మాగారములనుండి వచ్చినదనియు చెప్పెను. ఆ మాట మూలమును వెదకుచు పోగా నేను కారు కడ నాగలేదు. ఒక మగ్గము కడకు చేరితిని. మీలో నేతవారి యిండ్లెరిగినవారు పెక్కురు గలరు గనుక ఆ మగ్గముతోనే ప్రారంభింతును.

జపానులో 1867లో జన్మించిన సకిచి టొయోడా ఒక వడ్రంగి కుమారుడు. తల్లి నేతలో పడు శ్రమను చూచుచు పెరిగెను. 1924లో నాతడు పూర్తిచేసిన మరమగ్గము, పడుగులో పోగు తెగినను, పేకనూలు అయిపోయినను, తనంతట తానే నిలిచిపోవును. అట్లాగని మగ్గము చెడ్డబట్టను గజములకొలది నేయుచునే యుండును. దానికి మనిషి కాపలా యుండవలెను. ఆగుట నేర్చిన మగ్గములైనచో ఎన్నిటినో ఒక్కడే చూచుకొనగలడు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ వారు దాని హక్కులను కొనిరి.

సకిచి కుమారుడు కీచిరో 1937లో టొయోటా మోటారు కంపెనీని స్థాపించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము పెట్టుబడియు సరకును కొరతపడిన దినములలో, తాయిచి ఓనో అను నతడు ఆ మగ్గపు ధర్మమును మనుష్యుల పనికి అన్వయించెను. లోపము కనబడినచో సామాన్య కార్మికుడైనను త్రాడు లాగి సహాయమును పిలువవచ్చును. సకాలమున అది సరికానిచో పనివరుస యాగిపోవును.

ఓనో వ్యర్థములను ఏడుగా లెక్కించెను: అక్కరకు మించి తయారుచేయుట, పనికై కాచుకొనియుండుట, సరకును ఇటునటు మోయుట, అక్కరలేని మెరుగులు పెట్టుట, సరకును నిలువబెట్టుట, మనిషి యూరక తిరుగుట, తప్పుచేసి దిద్దుట. మొదటిదానినే ఆయన మిక్కిలి చెడ్డదిగా నెంచెను. ఏలయన, ఎక్కువ చేసినచో దాచవలెను, దాచినదానిని మోయవలెను, ఆ కుప్పలో తప్పు మరుగుపడును. 1988లో జాన్ క్రాఫ్‌సిక్ అను పరిశోధకుడు ఈ పద్ధతికి 'లీన్' అని పేరుపెట్టెను. బక్కపలుచనిదని దాని యర్థము. క్రొవ్వు లేనిదని గ్రహింపవలెనే గాని బలము లేనిదని కాదు.

ఇచ్చట మీరొక ప్రశ్న వేయుదురు: గాదెలో గింజలుంచుకొనుట తప్పా? కాదు. పంట యేటికి ఒకటి రెండుసార్లు వచ్చును. ఆకలి ప్రతిదినమును వచ్చును. కర్మాగారములోని నిలువకు కారణము తరచుగా మన యక్రమమే. యంత్రమెప్పుడు చెడునో తెలియక నాలుగు దినముల సరకు ముందుగా చేసియుంతురు. సరకున్నది గదా యని యంత్రమును బాగుచేయు తొందర మానుదురు. టొయోటావారు దీనిని తలక్రిందుచేసిరి. సరకు వాడుకొనగానే దాని చీటి వెనుకటివానికి పోవును. చీటి చేరినప్పుడే క్రొత్తసరకు చేయుదురు. ఆ చీటియే కాన్‌బాన్. మన సీమలో పెనుకొండ సమీపమున 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారము చెంతనే విడిభాగములవారును వెలసిరి. వేళకు సరకందవలెనన్న చేయువాడు చేరువ నుండవలెను గదా. చిన్న పరిశ్రమలకు ఈ పద్ధతి నేర్పుటకై కేంద్రప్రభుత్వము 2023 మార్చిలో ఒక పథకమును ఆరంభించినది.

దీనికిని హద్దు గలదు. 1997 ఫిబ్రవరి 1న జపానులో, టొయోటాకు బ్రేకుల భాగమునందించు ఐసిన్ కర్మాగారము కాలిపోగా, చేత నిలువ లేక టొయోటా కర్మాగారములు కొన్ని దినములు ఆగిపోయినవి. తోటి సరఫరాదారులు ఆ భాగమును తాము చేసియిచ్చి ఆదుకొనిరి. 2011 భూకంపము పిమ్మట, ఎలక్ట్రానిక్ చిప్పులవంటి దుర్లభవస్తువులను నిలువచేయించుట ఆ కంపెనీ నేర్చుకొనెను. గాదెను ద్వేషింపనక్కరలేదు; ఎందుకున్నావని దానినడిగిన చాలును.

'ఎందుకు' అని యైదుసార్లు అడుగుమని ఓనో చెప్పెను. కార్యమునుండి కారణమునకు పోవుట తర్కము చదివిన మాకు క్రొత్తగాదు. యంత్రమాగెను, ఏల? భారమెక్కువై ఫ్యూజు పోయెను. ఏల? బేరింగునకు నూనె చాలలేదు. ఏల? పంపు నూనె తోడలేదు. ఏల? దాని యిరుసు అరిగెను. ఏల? వడపోత లేక లోహపురజను లోపల చేరెను. మొదటి జవాబుతో తృప్తిపడినవాడు ఫ్యూజు మార్చి యింటికి పోవును. యంత్రము మరల నాగును.

ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను బాలుర వ్రాతపుస్తకములను నెలకొకసారి మూటగట్టి తెచ్చుకొని దిద్దుచుండెడివాడను. ఒక బాలుడు గుణసంధిని వృద్ధిసంధియనియు, వృద్ధిసంధిని గుణసంధియనియు నెల పొడుగున వ్రాసెను. అందరి యెదుట మందలించి నూరుసార్లు వ్రాయించితిని. ఇప్పుడు ప్రశ్నించుకొంటిని. తప్పేల నెలదాక నిలిచెను? నేను చూడలేదు. ఏల చూడలేదు? అన్నియు ఒక్కసారి దిద్దుట నాకు సదుపాయము. వాడేల యడుగలేదు? పాఠము నడుమ 'అయ్యా, తెలియలేదు' అన్నవానిని నేను ఎగతాళి చేయుచుంటిని. నా తరగతిలో త్రాడు లేదు. దినమునకు పది పుస్తకములు చూచియున్నచో వారములోపల ఆ తప్పు నా కంటబడియుండును. ఆ నూరు వ్రాతలును నేను వ్రాయవలసినవి.

వ్యర్థమును తగ్గించుటయన మనుష్యులను తగ్గించుటయే యని తలచు యజమానులు గలరు. 1950లో టొయోటాలోనే అప్పుల చిక్కువలన పెక్కురు పనులు కోల్పోయిరి, సమ్మె జరిగెను, కీచిరో అధ్యక్షపదవిని వదలెను. త్రాడు లాగినవాని పొట్టకొట్టినచో మరునాటినుండి ఎవ్వడును లాగడు. అప్పుడు మగ్గము చెడ్డబట్టనే నేయుచుండును. మావాని పలకమీదను అంతే. మూడు చీటీల నియమము వ్రాయుట సులభము. నాలుగవదానిని తెచ్చిన యధికారితో 'ఇప్పుడు కాదు' అని చెప్పగలుగుటయే కష్టము.

మీ యూరి పాలకేంద్రమున గాని, ధాన్యపు మిల్లున గాని, సహకారసంఘమున గాని మీ మాట చెల్లును. యంత్రములను లెక్కించుటకు ముందు, అచ్చట తప్పును చూచిన చిన్నవాడు భయపడక చెప్పగలుగుచున్నాడా యని విచారింపుడు. నేనది విచారించునప్పటికి నా తరగతి ముగిసిపోయినది.

సెలవు.