పాత గేమ్ బాయ్ కొంటున్నారా?

నింటెండో వారి గేమ్ బాయ్ 1989లో జపాన్‌లో విడుదలైంది. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో గంటల తరబడి నడిచేది. తెరకు మాత్రం సొంత వెలుగు లేదు, దీపం కిందే ఆట! ఆ ఆటలు ఇప్పుడు ఆడాలంటే నా ఓటు 2003 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీకి. మడిచి జేబులో వేసుకోవచ్చు, తెరకు వెలుగుంది, ఛార్జింగ్ ఉంది, తొలి గేమ్ బాయ్ క్యాట్రిడ్జ్‌లు కూడా ఆడతాయి. తర్వాత వచ్చిన నింటెండో డీఎస్‌లో అవి ఆడవు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే బ్యాటరీ మూత తీసి చూడండి. బ్యాటరీ ఉబ్బినా, లోపల చిలుము పట్టినా, ధర ఎంత తగ్గించినా వద్దు. చాలా పాత క్యాట్రిడ్జ్‌ల్లో ఆటను గుర్తుపెట్టుకునేది ఒక బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే ఆట నడుస్తుంది గానీ, దాచుకున్నదంతా పోతుంది. మార్చాలంటే టంకం వేయాలి. చేయి తిరిగిన మెకానిక్‌కే ఇవ్వండి.