జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త
(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ మద్దతు ధర గురించి, ఎరువుల కొరత గురించి మాట్లాడుకునే మనం ఈసారి డెంగీ గురించి మాట్లాడుకుందాం. నాట్లు, కలుపులు ముమ్మరంగా సాగే వానాకాలంలోనే ఈ జ్వరమూ వస్తుంది. ఇంట్లో ఒకరు మంచం పడితే పని ఆగుతుంది, పంట పెట్టుబడి ఆసుపత్రికి పోతుంది.

ఇది పట్నం జబ్బని చాలాకాలం అనుకున్నాం. 1963లో కలకత్తాలో చెలరేగింది. 1996లో ఢిల్లీలో 10 వేల మందికి పైగా జబ్బుపడ్డారు, 400 మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు పల్లెలనూ వదలడం లేదు.

దీన్ని మోసుకొచ్చేది కాళ్లమీద తెల్లచారలుండే ఏడిస్ దోమ. పగటిపూట కుడుతుంది. మురుగులో కాదు, నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. మందు కలిపే డ్రమ్ము, పశువుల నీళ్లతొట్టి, పాత ట్రాక్టర్ టైరు, కొబ్బరిచిప్ప, మూతలేని గోలెం అన్నీ దానికి ఇళ్లే. గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు తగిలాక వారం పది రోజుల్లో దోమలవుతాయి. కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోసి, పాత్రల గోడలు రుద్ది కడిగి, ఆరబెట్టాలి. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు. మన వాడ దోమే మనల్ని కుడుతుంది. అందుకే ఒక్క ఇల్లు కడిగితే చాలదు, వాడంతా ఒకే రోజు కదలాలి.

దోమ కుట్టిన 4 నుంచి 10 రోజుల్లో ఉన్నట్టుండి పెద్ద జ్వరం వస్తుంది. తలనొప్పి, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచినట్టు కీళ్లనొప్పులు ఉంటాయి. కొందరికి ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే వాడాలి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ సూది, ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

అసలు మాట ఇది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. తగ్గింది కదా అని మనవాళ్లు చేనుకు పోతారు. ప్రమాదం అప్పుడే మొదలుకావచ్చు. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, నల్లటి విరేచనం, మగత, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గటం కనిపిస్తే గంట కూడా ఆగొద్దు. బొప్పాయి ఆకు రసం తాగించి ఇంట్లో కూర్చోవద్దు.

ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే బెదరొద్దు. రక్తస్రావం లేకపోతే, 10 వేల కిందికి పడిపోతే తప్ప సాధారణంగా ఎక్కించనక్కర్లేదు. ప్రాణం నిలిపేది సమయానికి, తగిన మోతాదులో ఇచ్చే ద్రవాలే.

సర్కారును మనం అడగాల్సిందీ ఉంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష, సెలైన్, రాత్రిపూట డాక్టరు ఉండాలి. జ్వరమొచ్చిన ఊరికి మర్నాడే సర్వే బృందం రావాలి. ఈ డిమాండ్లతో వినతిపత్రం ఇద్దాం. ఈ శుక్రవారం మాత్రం ముందుగా మన డ్రమ్ములు మనమే బోర్లిద్దాం.