రేపటి ఒకటో తరగతిని నేడే లెక్కపెడదాం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చదువు గొప్పతనం ఈ వేదిక మీద ఏటేటా వింటూనే ఉన్నాము. అందుచేత ఈసారి గొప్పతనాన్ని పక్కనబెట్టి కొన్ని లెక్కలు చెప్పదలచాము.

యూసుఫ్ అలైహిస్సలాం గారి వృత్తాంతం మనకందరికీ తెలిసినదే. ఏడేళ్ళు పంటలు పండి, ఆ తరువాత ఏడేళ్ళు కరువు వస్తుందని తెలిసినప్పుడు ఆయన పండిన ఏళ్ళలోనే ధాన్యం దాచే ఏర్పాటు చేశారు. కరువు వచ్చాక గాదె కట్టబోలేదు. మన ఉర్దూ బడుల విషయంలో మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. పిల్లలు తగ్గిపోయి, బడిని పక్కబడిలో కలిపేస్తారట అని చెవిన పడ్డాక, అప్పుడు అర్జీ పట్టుకుని ఆఫీసులకు పరుగెత్తుతాము.

మాటవరసకు ఒక ప్రాథమిక బడి తీసుకోండి. అయిదో తరగతిలో 26 మంది, నాలుగులో 21, మూడులో 17, రెండులో 14, ఒకటిలో 12. మొత్తం 90 మంది. చూసినవాళ్ళు బడి నిండుగా ఉందనే అంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం లెక్కన 90 మందికి ముగ్గురు టీచర్లు. ఏటా 12 మందే చేరుతూ పోతే నాలుగేళ్ళకు ఈ బడిలో మిగిలేది 60 మంది. 60 మందికి టీచర్లు ఇద్దరే. అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు! అప్పుడు ఉన్న పిల్లలూ వేరే బడి చూసుకుంటారు. అంటే నాలుగేళ్ళ తరువాత వచ్చే ఆపద ఈనాటి ఒకటో తరగతి హాజరు పట్టీలోనే రాసి ఉంది. చదివేవాళ్ళు లేరు, అంతే.

దీనికి మందు చట్టంలోనే ఉంది. ప్రతి ప్రభుత్వ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే బాధ్యత ఆ కమిటీదే. 2010లో కేంద్రం ఇచ్చిన నియమాల ప్రకారం అది మూడేళ్ళ ప్రణాళిక. ఏ తరగతిలో ఏ ఏటికి ఎందరు పిల్లలుంటారు, ఎందరు టీచర్లు కావాలి, గదులెన్ని, ఖర్చెంత అన్నీ అందులో రాయాలి. అది పై ఆఫీసులో గ్రాంటులకు పునాది. మరి మనవాళ్ళు చేస్తున్నదేమిటి? హెడ్మాస్టరు కాగితం చాపితే చదవకుండా సంతకం పెట్టి, టీ తాగి వస్తున్నారు. తప్పు వాళ్ళొక్కరిదే కాదు. చదివి వినిపించని మాదీనీ.

ఇంకో సంగతి. ఉర్దూ టీచరు పోస్టులు ఎన్నో ఏళ్ళుగా ఖాళీగా ఉండటం మీకు తెలుసు. రోస్టరు ప్రకారం కొన్ని పోస్టులు ఏ వర్గాలకు కేటాయిస్తారో ఆ వర్గాలలో ఉర్దూ చదివినవాళ్ళు దొరకరు. పోస్టు కాగితం మీద ఉంటుంది, తరగతిలో మనిషి ఉండడు. ఇది ఒక్క అర్జీతో తెగే వ్యవహారం కాదు. ఏటేటా ప్రణాళికలో రాయించి, జిల్లా దాకా మోసుకెళ్ళి, జవాబు వచ్చేదాకా వదలకుండా ఉండాలి.

ఆడపిల్లల మాట మరీ ముఖ్యం. చట్టం హామీ 14 ఏళ్ళ వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకా. తొమ్మిది, పది తరగతుల ఉర్దూ బడి దూరమైతే బిడ్డ ఇంట్లో కూర్చుంటుంది. హైదరాబాదులో 1998లో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. కర్నూలులో 2016లో అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. మేడ పైన గది ఉంది, నడిమి మెట్లు లేవు. ఒకటో తరగతిలో బిడ్డను చేర్చేనాడే పదో తరగతి ఎక్కడ అని అడగాలి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పే మేము, మా పిల్లలను ఇంగ్లీషు మీడియానికి పంపాము. పండ్ల బండి తోసుకునే ఒకాయన మా మొగం మీదే అడిగాడు, “మాస్టర్ సాబ్, మీ అబ్బాయి ఏ బళ్ళో చదువుతున్నాడు?” అని. జవాబు చెప్పలేకపోయాము. ఆయనకు ఉర్దూ మీద ప్రేమ లేక కాదు. ఈ బడిలో చదివితే బిడ్డకు తెలుగులో దరఖాస్తు రాయడం వస్తుందా, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు వస్తాయా అన్నది ఆయన దిగులు. న్యాయమైన దిగులే. కాబట్టి ఉర్దూతో పాటు తెలుగు, ఇంగ్లీషు గట్టిగా నేర్పే ఏర్పాటు మన ప్రణాళికలో మొదటి పేరాలోనే ఉండాలి. అది లేకుండా ఉర్దూను కాపాడండి అని తల్లిదండ్రులను అడిగే హక్కు మాకు లేదు.

సంఘాన్ని మేము కోరేది మూడు పనులు. ఒకటి, ప్రతి మొహల్లాలో ఆరేళ్ళ లోపు పిల్లల జాబితా ఇంటింటికీ తిరిగి రాయాలి. మసీదు కమిటీలు పూనుకుంటే ఇది పెద్ద పని కాదు. మేము కూడా తిరుగుతాము. రెండు, కమిటీ మీటింగుకు తల్లులు రావాలి. ప్రణాళికను ఉర్దూలోనూ తెలుగులోనూ చదివి వినిపించమని అడగాలి. వినకుండా వేలిముద్ర గాని సంతకం గాని పెట్టవద్దు. మూడు, వచ్చే వార్షిక సభలో మా ఉపన్యాసం బదులు ఈ లెక్కలే చదవాలి. రాసుకున్నదెంత, జరిగిందెంత అని.

బడి మూతపడ్డాక చేసే సభ కన్నా, పిల్లలున్నప్పుడు రాసుకునే జాబితా మేలు. పని మనం మొదలుపెడదాం, బరకత్ అల్లా ఇస్తాడు, ఇన్షా అల్లా.

వస్సలాం.