పాత కెమేరా: వెలయు, విలువయు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణములలో తాతల నాటి ఫొటో స్టూడియోలలోను, ఇండ్ల అటకల మీదను పాత కెమేరాలు ఇంకను ఉండవచ్చును. మూడు కాళ్ల మీద నిలిచి, నల్లగుడ్డ కప్పుకొనెడి కొయ్యపెట్టె ఒకటి. మెడకు తగిలించుకొనెడి డబ్బా కెమేరా మరియొకటి. "ఇది చాల పాతది, దీనికెంత వచ్చును?" అనునదే యజమాని మొదటి ప్రశ్న. దానిని గూర్చి నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

పాతదగుట వేరు, అరుదగుట వేరు. 1900లో అమెరికాలో కొడాక్ సంస్థ బ్రౌనీ అను అట్టపెట్టె కెమేరాను ఒక్క డాలరు వెలకు విడుదల చేసెను. తొలి యేటనే లక్షకు పైగా అమ్ముడుపోయెను. ఆ పేరుతో దశాబ్దముల పాటు అనేక రకములు వచ్చుటచే, నేటికిని బ్రౌనీలు విరివిగా దొరకును. వానిలో పెక్కింటికి వెల స్వల్పమే. మన దేశముననే తయారై, ఎన్నో యిండ్లకు చేరిన ఆగ్ఫా క్లిక్ సంగతియు అంతే.

లైకా కథ దీనికి భిన్నము. 1923-24 ప్రాంతమున పరీక్షార్థము చేసిన తొలి లైకాలు ఇరువది పైచిలుకు మాత్రమే. అందులో 105వ సంఖ్య గలదానిని దాని రూపకర్త ఆస్కార్ బార్నాక్ స్వయముగా వాడెను. 2022 జూన్ మాసమున జరిగిన వేలములో అది 1 కోటి 44 లక్షల యూరోలు పలికెను. అరుదగుటకు తోడు, అది ఎవరి చేతిలో మెలగినదో తెలియుట వలన అంత వెల వచ్చినది.

మనకు ముఖ్యమైనది ఈ చివరి మాటయే. నల్లగొండ సీమ నిజాము రాజ్యములో ఉన్న నాడు ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ (1844-1905). ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనకు 'రాజా' బిరుదమొసగెను. ఆయన గాజు పలకల నెగటివులు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా ఉన్నవి. చిన్న పట్టణముల స్టూడియోలకు ఆ భాగ్యము లేదు. అంగడి మూసిననాడు కెమేరా అలంకార వస్తువుగా అమ్ముడుపోవును. నెగటివులు చెత్తలో కలియును. ఊరివారి పెండ్లిండ్లు, బడిపిల్లల వరుసలు, సంతలు వానితో పోవును.

కనుక మా మనవి యిది. వెల కట్టింపకముందు కెమేరాను తోమి మెరుగు పెట్టకుడు, నూనె వేయకుడు. కటకమును వెలుతురునకెత్తి, సాలెగూడు వంటి బూజు ఉన్నదేమో చూడుడు. మడతల తోలుతిత్తికి చిల్లులున్నవేమో పరీక్షింపుడు. కటకము మీదను, పెట్టె మీదను చెక్కిన పేర్లు, సంఖ్యలు వ్రాసికొనుడు. తోలు సంచిలో మూసియుంచినచో వానకాలపు చెమ్మకు బూజు పట్టును. గాలి తగులు పొడిచోట నుంచుడు.

అన్నిటికంటె ముఖ్యముగా, దానిని ఎవరు కొనిరి, ఏ యూర వాడిరి, ఎవరి చిత్రములు తీసిరి అను వివరములు ఒక కాగితముపై వ్రాసి, నెగటివులతో కూడ దాచుడు. ఆ సంగతులెరిగిన పెద్దలు ఇంట ఉన్న దినములలోనే ఈ పని కావలెను. కెమేరాను ఎన్నడైన బాగుచేయించుకొనవచ్చును. వారి జ్ఞాపకమును తిరిగి తెచ్చుకొనలేము.