కాపలా పని అప్పగిద్దాం
(పిల్లల కోసం రాసే తెలుగు రచయితలు, ఉపాధ్యాయుల సదస్సులో అధ్యక్షోపన్యాసం)



 

మన బాలసాహిత్యంలో జంతువులకు కొదవ లేదు. నక్క, కాకి, ఏనుగు, తాబేలు అన్నీ మాట్లాడతాయి. అయితే తొమ్మిదో ఏడు దాటేసరికి పిల్లలు ఆ కథలు పక్కన పెట్టేస్తారు. పెద్దల కోసం అడవిని రాసినవాళ్లూ మనకున్నారు. అల్లం శేషగిరిరావు వేట కథలు, కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చదివినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఈ రెంటికీ నడుమ, పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల మధ్య ఉన్న పిల్లలకు తమ ఊరి చెరువు గురించి, గుట్ట గురించి, అక్కడ బతికే ప్రాణుల గురించి తెలుగులో మనం ఏమిచ్చాం? పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం, జూన్ 5న ఒక ర్యాలీ, వ్యాసరచన పోటీలో ఒక బహుమతి. సరిగ్గా ఈ వయసులోనే మనిషి తనదంటూ ఒక లోకాన్ని ఎంచుకుంటాడు. ఆ ఎంపిక జరిగే వేళకు అడవి వాళ్ల దరిదాపుల్లో ఉండటం లేదు.

బడిలో ఈ పాఠం లేదని అనడానికి వీల్లేదు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లోనే సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమని ఆదేశించింది. 2003లో మళ్లీ గట్టిగా చెప్పి, పాఠ్యప్రణాళిక తయారుచేసే పని ఎన్‌సీఈఆర్‌టీకి అప్పగించింది. జాతీయ హరిత దళం పేరుతో వేల బడుల్లో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. చిత్తశుద్ధితో నడుపుతున్న మాస్టార్లు, టీచరమ్మలు ఈ సభలోనే ఉన్నారు, వారికి నా నమస్కారం. కానీ మార్కుల కోసం పెట్టిన ప్రాజెక్టు పని ఎలా సాగుతోందో మీకు నాకన్నా బాగా తెలుసు. పదో తరగతి పిల్ల నెట్ సెంటరుకు వెళ్లి పులి బొమ్మ, ధ్రువపు ఎలుగు బొమ్మ ముద్రించుకొచ్చి చార్టు మీద అతికిస్తుంది. తమ బడి వెనక తుమ్మచెట్టుకు గూళ్లు అల్లుతున్న గిజిగాళ్లు ఆ చార్టులోకి రావు. ఎప్పుడూ చూడని జంతువు కోసం బాధపడమంటే పిల్లలు ఒక పూట బాధపడతారు. అంతకన్నా ఎక్కువ ఆశించడం న్యాయం కాదు.

నేను ఇవాళ చెప్పదలచింది ఒక్కటే. ఈ వయసు పిల్లలకు ప్రకృతిని ప్రేమించమని ఉపదేశించడం తగ్గించి, తమ ఊళ్లో ఉన్న ఒక ప్రాణి బాధ్యతను వాళ్ల చేతికివ్వాలి. చూసి రాసుకునే పని, కాపలా కాసే పని, అవసరమైతే పెద్దల్ని నిలదీసే పని ఇవ్వాలి. పద్నాలుగేళ్ల పిల్లవాడికి అన్నిటికన్నా ఇష్టమైనది, తనను నమ్మి ఎవరైనా పెద్ద పని చెప్పడం.

మన తీరాన్నే తీసుకోండి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక తిన్నెల మీదికి ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట తల్లి తాబేలు అలల్లోంచి బరువుగా పైకి వస్తుంది. పొడి ఇసుక తగిలేదాకా నడిచి వెనక రెక్కలతో కుండ ఆకారంలో గొయ్యి తవ్వుతుంది. ఆ వెనక రెక్క చెంచాలా వంగి, ఇసుకను ఎత్తి, పక్కకు విసిరే తీరు ఒక్కసారి దగ్గరనుంచి చూసిన పిల్లలు దాని గురించి చెప్పకుండా ఉండలేరు. వందకు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. పెంకు గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపి పొట్టతో అదిమి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత నెలన్నర నుంచి రెండు నెలలు ఆ గుడ్లకు దిక్కు ఇసుకే. కుక్కలు, నక్కలు తవ్వి తింటాయి. అందుకే అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు, పేటల్లోని యువకులు గుడ్లను ఏరి, కంచె వేసిన హేచరీల్లో అదే లోతున పాతిపెట్టి కాపాడుతున్నారు.

ఇందులో హైస్కూలు పిల్లలు చేయగల పని ఎంతో ఉంది. వాళ్లు గుడ్లు ముట్టుకోనక్కర్లేదు, ముట్టుకోకూడదు కూడా. వేకువన తీరం వెంట నడిచి తాబేలు జాడలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి చెప్పడం, ఏ రోజు ఎన్ని గూళ్లో, ఇసుక ఎంత వేడెక్కిందో పుస్తకంలో రాయడం వాళ్ల పని. ఇసుక వేడి పెరిగితే పుట్టే పిల్లల్లో ఆడవే ఎక్కువ, తగ్గితే మగవి ఎక్కువ. భూతాపం గురించి పది పేజీల పాఠం చెప్పినా కలగని ఆలోచన ఒక థర్మామీటరు ఇసుకలో గుచ్చి రోజూ చదివే పిల్లకు కలుగుతుంది. పొదిగి బయటికొచ్చిన తాబేలు పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. చీకటి రాత్రి వాటికి వెలుతురంటే సముద్రం మీది ఆకాశమే. ఒడ్డున రిసార్టు దీపాలు, వీధి దీపాలు ఎక్కువైతే అవి రోడ్డు మీదికి పోయి చస్తాయి. ఈ సంగతి తెలిసిన తొమ్మిదో తరగతి పిల్లలు పంచాయతీకి వెళ్లి, "ఈ రెండు నెలలు తీరం వైపు లైట్లు ఆర్పండి సార్" అని అర్జీ ఇస్తే, పౌరశాస్త్రం పాఠం అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఆ పిల్లల్లో చాలామంది మత్స్యకారుల బిడ్డలే. అందువల్ల ఈ పాఠంలో రెండో ముఖం కూడా ఉంది. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి నీటి పైకి రావాలి. మరబోటు లాగే వలలో చిక్కితే పైకి రాలేక చచ్చిపోతుంది. ఆ శవాలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. వలలోంచి తాబేలు తప్పించుకునే పరికరం ఉంది. దాన్ని బిగిస్తే కొంత చేప కూడా జారిపోతుందని మత్స్యకారుడి బాధ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ఉంటుంది, ఆ కాలంలో ఇల్లు గడవడం వేరే బాధ. పిల్లవాడు ఇటు తాబేలునూ, అటు తండ్రి వలనూ ఒకేసారి చూడాలి. తండ్రిని దోషిగా నిలబెట్టే పాఠాన్ని ఏ పిల్లవాడూ ఇంటికి తీసుకెళ్లడు. పరికరం ధర ఎవరు భరించాలి, జారిపోయిన చేపకు పరిహారం ఉండాలా అన్న ప్రశ్నలను తరగతి గదిలో చర్చకు పెట్టగలిగితే, ఆ చర్చే ఇంటికి వెళ్తుంది.

ఈ కష్టమైన వైపును మన పుస్తకాలు తప్పించుకుంటున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి తోటకు పోయిన మనిషి మీద ఎలుగుబంటి పడుతుంది. మన్యం వైపు ఏనుగులు చేలల్లోకి దిగుతాయి, మనుషులు కూడా చనిపోయారు. తెలంగాణ పల్లెల్లో కోతులు, అడవిపందులు పంట మిగలనివ్వవు. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెడితే పందితోపాటు ఆ తోవన పోయే మనిషీ పోతున్నాడు. "మా మొక్కజొన్న మొత్తం పందులు తినేశాయి, వాటిని ఎందుకు కాపాడాలి టీచర్?" అని అడిగే పిల్లకు వన్యప్రాణులు మన నేస్తాలు అని జవాబు చెప్తే ఆ పిల్ల మళ్లీ ప్రశ్న అడగదు. ఆ ప్రశ్నను గౌరవించాలి. ఎలుగు ఎందుకు పడుతుంది? వాసన పసిగట్టడంలో దానికి సాటి లేదు, చూపు, వినికిడి మాత్రం అంతంతమాత్రం. ఎదురుగా హఠాత్తుగా మనిషి కనిపిస్తే బెదిరి మీదపడుతుంది. తెల్లవారుజామున, మసక చీకట్లో ఒంటరిగా వెళ్లకూడదు, నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి. ఇది ఉద్దానం పిల్లలకు ప్రాణం కాపాడే చదువు. తనను కాపాడుకోవడం నేర్చుకున్న పిల్ల, ఆ జంతువు తిండి, నీళ్లు, దాని కొండ ఏమయ్యాయని తర్వాత తనే అడుగుతుంది. భయం ఉన్నచోట దాన్ని దాటించకుండా ప్రేమ గురించి మాట్లాడటం పిల్లల్ని మోసం చేయడమే అవుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. పాములు పట్టి రీల్స్ చేసే కుర్రాళ్లు పెరిగిపోతున్నారు. జెర్రిపోతును చంపకుండా వదిలేయడం మంచిదే, అది ఎలుకల్ని తింటుంది. కానీ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషయంలో పదిహేనేళ్ల ధైర్యం పనికిరాదు. పాము కనిపిస్తే దూరంగా నిలబడి, అది ఎటుపోతోందో కన్ను వేసి ఉంచి, శిక్షణ పొందినవారికి ఫోను చేయడమే సరైన పని. ఇది మన కథల్లోనూ రావాలి. పాము పగపడుతుందన్న కథలు ఇన్ని రాసిన మనం, పాము కాటుకు ఆస్పత్రిలో ఇచ్చే మందు గురించి ఒక్క మంచి కథ రాయలేమా?

ఈ వయసులో ఒక్క పెద్దమనిషి తోడు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ జీవితం చాలు. 1896లో పుట్టిన ఆయన పదేళ్ల ప్రాయంలో బొంబాయిలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఏమిటో తెలుసుకోవాలని దాన్ని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్తే, కార్యదర్శి మిల్లర్డ్ ఆ పిల్లవాణ్ని మందలించలేదు. పిట్ట పేరు చెప్పి, అలమరలు తెరిచి, సొరుగుల నిండా ఉన్న పక్షుల నమూనాలు చూపించాడు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చాడు. ఆ పిల్లవాడే పెద్దవాడై 1931లో మన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు. బడిలో మిల్లర్డ్ లాంటి పెద్దమనిషి ఒక్కరుంటే చాలు. ఆ మాస్టారు జీవశాస్త్రమే చెప్పనక్కర్లేదు, తెలుగు పంతులైనా సరే.

కడప జిల్లా కథ కూడా మన పిల్లలకు తెలియాలి. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. పరిశోధకులు దాని బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగారు. 1986లో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ లైటు వెలుగులో ఆ పిట్టను పట్టి చూపించాడు. ఎనభై ఏళ్లకు పైగా శాస్త్రానికి అందని పిట్ట ఆ పల్లె మనుషులకు తెలుసు. పల్లెటూరి పిల్లలు తమకు తెలిసినదాన్ని చిన్నచూపు చూసుకోకుండా ఉండటానికి ఈ ఒక్క సంఘటన చాలు. దీన్ని నవలగా ఎవరైనా రాయండి, పదిహేనేళ్ల పాఠకుల కోసం రాయండి. పరిశోధన ఉంది, రాత్రి అడవి ఉంది, ఆ పక్షి ఉండే ముళ్లపొదల మీదుగా కాలువ పోవాలా వద్దా అన్న తర్వాతి వివాదమూ ఉంది.

రచయితలు తలచుకుంటే ఏమవుతుందో పక్కనున్న కేరళ చూపించింది. 1962లో మొదలైన శాస్త్ర సాహిత్య పరిషత్తులో రచయితలతోపాటు బడిపంతుళ్లు చాలామంది ఉన్నారు. చిన్నపిల్లలకు 'యురేకా', హైస్కూలు పిల్లలకు విడిగా 'శాస్త్రకేరళం' అన్న పత్రికలు నడిపారు. సైలెంట్ వ్యాలీ అడవిలో ఆనకట్ట కట్టబోతే ఆ పరిషత్తు, కవయిత్రి సుగతకుమారి వంటివారు కలిసి ఊరూరా తిరిగారు. 1984లో అది జాతీయ పార్కు అయింది. ఆ రాష్ట్రంలోనే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం కింద బడిపిల్లలు ఒక్కొక్కరు ఒక చెట్టును పెట్టుకుని వారం వారం దాని ఆకు, పూత, కాయ రాస్తున్నారు. విషు పండుగకు పూయాల్సిన కొన్న, అంటే మన రేల, ముందే పూసేస్తోందా అన్న ప్రశ్నకు ఆ పిల్లల లెక్కలే ఆధారమయ్యాయి. మనకు జన విజ్ఞాన వేదిక వారి పిల్లల పత్రిక 'చెకుముకి' ఉంది. దాని పక్కన పెద్దపిల్లల కోసం మరొకటి ఎందుకు లేదని నా బాధ.

ఈ పిల్లలు మరి నాలుగేళ్లకు విశ్వవిద్యాలయాల్లో ఉంటారు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు కొట్టే యంత్రాలు దిగినప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డు నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ భూమి ఎవరిదన్న వాదం ఇక్కడ నాకు ముఖ్యం కాదు. అక్కడి జింకలు, నెమళ్లు, పక్షుల గురించి విద్యార్థులు పేరుపేరునా చెప్పగలిగారు. ఎందుకంటే అంతకుముందు ఏళ్ల తరబడి ఆ ఆవరణలో తిరిగి, చూసి, జాబితాలు రాసుకున్నవారు వాళ్లలో ఉన్నారు.

అందుకే ఈ సదస్సు ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. జిల్లాకొక పుస్తకం తెద్దాం. తమ ఊరి ప్రాణుల గురించి ఎనిమిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు ఒక సంవత్సరం చూసి రాసినవే అందులో ఉండాలి. భాష దిద్దడం మన పని, చూపును దిద్దకూడదు. పిల్ల ఊరి యాసలో రాస్తే ఆ యాస అలాగే అచ్చుకావాలి. బొమ్మలూ వాళ్లే వేయాలి. తేలినీలాపురం పిల్లలు తమ చింతచెట్ల మీద గూడబాతుల గురించి రాస్తారు, కొల్లేటి పిల్లలు చేపల చెరువుల గురించి రాస్తారు, నల్లమల చెంచు పిల్లలు మనకు తెలియనివి రాస్తారు. ప్రతి బడికీ ఒక రచయిత జతపడాలి. ఏడాదిలో నాలుగుసార్లయినా ఆ బడికి వెళ్లి, పిల్లలతో కలిసి నడవాలి. దారి ఖర్చులు మనవే.

మొదటి పుస్తకం శ్రీకాకుళం తీరంతో మొదలుపెట్టాలని నా కోరిక. తాబేళ్లు జనవరిలో వస్తాయి. అంటే డిసెంబరు మొదటి వారానికల్లా బడుల జాబితా, ప్రధానోపాధ్యాయుల ఒప్పుకోలు, అటవీశాఖ అనుమతి మన చేతిలో ఉండాలి. జతపడటానికి సిద్ధంగా ఉన్న రచయితలు భోజన విరామంలో బయట బల్ల దగ్గరున్న పుస్తకంలో పేరు, తమకు వీలైన మండలం రాయండి. నా పేరు మొదట రాసి వచ్చాను. ఇప్పుడు మొదటి సమావేశం ప్రారంభించవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.